కాటి సుంకం ఎవరు చెల్లించారు?

కష్టాలు దేవుడు పెట్టే పరీక్షలనీ, వాటిని తట్టుకున్నవాడి గుణం పుటం పెట్టిన బంగారంలా తేలుతుందనీ చెప్పే నమ్మకానికి తెలుగు రంగస్థలం మీద గట్టి ఆసరాగా నిలిచిన నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం (1881–1953) రచించిన ‘సత్య హరిశ్చంద్రీయం’. అయితే ఇందులో రాజైన హరిశ్చంద్రుడు సింహాసనం మీద ఎంత సత్యసంధుడో కాటికాపరిగానూ అంతే సత్యసంధుడు. అతడు అబద్ధమాడతాడా లేదా అన్న వసిష్ఠ విశ్వామిత్రుల పంతంలో బతుకులు తలకిందులైనవారు ఎవరికీ ఏ మాటా ఇవ్వని అతడి భార్య చంద్రమతీ, కొడుకు లోహితాస్యుడూ.

రాజు విశ్వామిత్రుడికి పడ్డ బాకీ తీర్చడానికి కాశీ వీధిలో రాణి కాలకౌశికుడనే బ్రాహ్మణుడికి అమ్ముడుపోయి దాసి అవుతుంది. దర్భల కోసం వెళ్లిన బాలుడు పాముకాటుకు చనిపోతాడు. శవాన్ని మోసుకొచ్చిన తల్లిని, కాటికాపరిగా ఉన్న భర్తే పోల్చుకోలేక సుంకం అడుగుతాడు. భర్తకు తప్ప పరులకు కనిపించని ఆమె మంగళసూత్రం అతడి కంటపడటంతో గుర్తింపు జరుగుతుంది; అంటే స్త్రీ ఉనికి భర్త చూపులోనే ఉందన్న ఆచారాన్నే కథ మహిమగా మలిచింది. ఆపైన శిశుహత్య నేరం మోపబడిన ఆ నిర్దోషి మీద, కాటికి అధిపతీ తన యజమానీ అయిన వీరబాహుడి ఆజ్ఞ మేరకు భర్తే కత్తి ఎత్తుతాడు. ఉన్నదాన్ని ఉన్నట్లు తేల్చడమే సత్యమైతే, హత్య జరిగిందా లేదా అని విచారించడం సత్యవ్రతుడి మొదటి పని కావాలి. కానీ ఇక్కడ సత్యం మాట నిలుపుకోవడంగానూ, చివరికి ఆజ్ఞాపాలనగానూ కుంచించుకుపోయింది.

హరిశ్చంద్రుడు వీరబాహుడికి బంటు కావడం రాజుకు ఘోరమైన పరీక్ష అని ప్రేక్షకుడు కంటతడి పెడతాడు గాని, వీరబాహుడికి అదే కులవృత్తి అనీ, అతడి కష్టాన్ని చూసి ఏ దేవతా దిగిరాలేదనీ కథ గమనించదు. ప్రదర్శనల్లో కాటిసీనుకు కవి జాషువా పద్యాలు చేరి మరణం ముందు అందరూ సమానమేనన్న ఊహను తెచ్చినా, కథ ముగింపు మాత్రం సింహాసనానికే తిరిగి చేరుతుంది. ఋగ్వేదానికి చెందిన కర్మకాండ గ్రంథమైన ఐతరేయ బ్రాహ్మణంలోనైతే ఇదే రాజు, కొడుకును బలి ఇస్తానని వరుణుడికి మాట ఇచ్చి వాయిదాలు వేస్తాడు. చివరికి 100 ఆవులకు కొన్న శునశ్శేపుడనే పరాయి బాలుణ్ణి యూపానికి, అంటే బలిస్తంభానికి, కట్టిస్తాడు. రెండు కథల్లోనూ పెద్దల మాటకు మూల్యం బిడ్డల ప్రాణమే.

లోహితాస్యుణ్ణి దేవతలు బతికించారు; పొలంలో పాము కరిచిన పిల్లవాణ్ణి బతికించేది వేళకు అందిన విషవిరుగుడు మందు. నాటకంలో కష్టాల వెనుక ఒక ఋషి పంతం ఉన్నట్లే, జీవితంలోని అప్పుకూ దాస్యానికీ అకాలమరణానికీ కారకులో కారణాలో ఉంటాయి. వాటిని దైవపరీక్ష అని సరిపెట్టుకుంటే కారకులు తప్పించుకుంటారు, కారణాలు అలాగే మిగిలిపోతాయి.