తెరమీఁది తిలోత్తమ



సంధ్యాదీపము వెలిగించి, పొయ్యిమీఁద ఎసరు పెట్టి, ఇంటిల్లిపాదియు టెలివిజను నెదుటఁ గూర్చుండుట నేఁడు మన యిండ్ల నాచారమై పోయినది. మా వల్లూరునందును అంతే. మా పొరుగింటి యవ్వ ‘త్రినయని’ ధారావాహిక వచ్చునంతసేపును తిలోత్తమను జూచి మెటికలు విఱచుచు, ‘నీ నోట్లో మన్ను పడ’ యని శపించుచుండెడిది. 2024వ సంవత్సరము మే నెల 12వ తేది ఆదివారమునాఁడు, ఆ పాత్ర ధరించిన పవిత్రా జయరాం రోడ్డుప్రమాదమున మరణించె నని వార్త వచ్చెను. అవ్వ నా చేయి పట్టుకొని, ‘నా నోటిమాట తగిలిందేమో అమ్మీ’ యని కంటఁ దడి పెట్టుకొనెను. ఆ రాత్రి ఆమె యన్నము ముట్టలేదు. ఆ కన్నీరే యీ వ్రాతకుఁ గారణము.

పవిత్ర పుట్టుకచేఁ దెలుఁగువారి యాఁడుపడుచు కాదు. కన్నడదేశమున మండ్య ప్రాంతమునకుఁ జెందినది, బిడ్డల తల్లి. తొలుతఁ గన్నడ ధారావాహికలలో నటించి, 2018లో ‘నిన్నే పెళ్ళాడతా’తోఁ దెలుఁగు తెరకు వచ్చెను. 2020లో జీ తెలుఁగునఁ బ్రారంభమైన ‘త్రినయని’లోని తిలోత్తమ పాత్ర ఆమెకుఁ బేరు తెచ్చినది. తెలుఁగునాట ఆమె నటజీవితము సుమారు ఆఱేండ్ల ముచ్చట. అందును తిలోత్తమగా మన యిండ్లకు వచ్చినది నాలుగేండ్లు మాత్రమే.

వారమునకు ఐదాఱు దినములు కథ నడుపవలె నన్న నటులకు విశ్రాంతి యరుదు. ఉదయముననే ముఖమునకు రంగు పూసికొని, పట్టుచీరయు నగలును దాల్చి, దీపముల వేఁడిలో నిలిచి, చెప్పిన మాటనే పలుమాఱులు చెప్పవలెను. తెరమీఁదఁ గుట్రలు పన్నిన నోటితోడనే, తీఱిక దొరకిన క్షణమున ఫోనులో ‘అన్నము తింటిరా, నాయనా’ యని బిడ్డల నడుగు తల్లులు ఆ తెరవెనుక నెందఱు గలరో!

ఆ నాఁడు ఆమె కన్నడదేశమునుండి కారులో హైదరాబాదునకు వచ్చుచుండఁగా, మహబూబునగరు జిల్లా భూత్పూరు సమీపమునఁ బ్రమాదము జరిగెను. మన కడపసీమవారు కర్నూలు మీఁదుగా హైదరాబాదు పోవు దారియు నదియే. చదువులకును కొలువులకును పోయిన మన బిడ్డ లెందఱో రాత్రింబవళ్లు దానిమీఁదనే తిరుగుచున్నారు. ‘త్రినయని’ కథలో నాయికకు రాఁబోవు ఆపద ముందుగాఁ గనఁబడును. మనకా యున్నవి రెండే కన్నులు. పయనమగు బిడ్డలతో, నిద్ర వచ్చినచో బండి నాపుఁడనియు, నడుమునకుఁ బట్టీ బిగించుకొనుఁడనియు నొక్క మాట చెప్పి పంపుట మాత్రము మన చేతిలో నున్నది.

ఆ వారము దాఁటకమునుపే, అదే ధారావాహికలో నటించిన చంద్రకాంత్ కూడ మరణించెను. అంతట నోటికొక కథ పుట్టెను. చనిపోయినవారు వచ్చి బదులు చెప్పలేరు. వినువారు బ్రతికియున్న బిడ్డలు. ఆ కథలను మన వాకిలి దాఁటి లోనికి రానీయకుండుటయే ఆ యింటివారికి మనము చేయఁగల మేలు.

మన కడప మండలము నటుల విలువ నెఱుఁగనిది కాదు. 1885లో సురభి గ్రామమున ‘కీచకవధ’తో మొదలైన నాటకసమాజము, పురుషులే స్త్రీవేషములు వేయు కాలమునఁ దమ యింటి యాఁడువారిని రంగస్థల మెక్కించినది. ఆ కుటుంబములోని కమలాబాయి 1932లో ‘భక్త ప్రహ్లాద’ చిత్రమున లీలావతి యయ్యెను. నటులు ధరించు దానిని మన పెద్దలు ‘పాత్ర’ యనిరి. పాత్ర యనఁగా గిన్నె గదా! కవి యందుఁ జేఁదు పోసినచో గిన్నెదా తప్పు? కైకేయి లేక రామకథ లేదు. ఆ వేషమును జక్కఁగా వేయుటయు రామునకు సేవయే.

ఈ మాటయే నాఁడు అవ్వకుఁ జెప్పితిని: ‘అవ్వా, నీ తిట్టు తిలోత్తమకుఁ జేరినది. పవిత్రకుఁ జేరినది మెప్పు మాత్రమే. ఆమె బాగుగా నటింపకున్న నీవు తిట్టియుందువా?’ అవ్వ చాలసేపు మాటాడలేదు.

నేఁటికిని ఆమె ధారావాహికలు చూచును. దుష్టపాత్ర కనఁబడినంతనే మెటికలు విఱచును. కాని కథ ముగిసినపిదప, తెర నార్పకమునుపు, ‘వేషం కట్టిన బిడ్డ చల్లంగా ఉండాల’ యని చేతులు జోడించును.