తాళం వేస్తే చాలదు, తాళంచెవి ఎవరి వద్ద?

బళ్లారి జిల్లా సరిహద్దు పల్లెలలో ఒకే కుటుంబానికి ఇల్లు కర్ణాటకలో, పొలం ఆంధ్రప్రదేశ్‌లో ఉండటం వింత కాదు. పూర్వం ఆ కుటుంబపు దస్తావేజులు, పట్టాలు, శిస్తు రసీదులు ఒక ట్రంకుపెట్టెలో ఉండేవి. దాని తాళంచెవి ఇంటి పెద్దావిడ కొంగుముడిలో ఉండేది. నేడు పహణీ ఒక రాష్ట్రపు కంప్యూటర్లలో, అడంగలు మరొక రాష్ట్రపు కంప్యూటర్లలో, ఆధార్ వివరాలు కేంద్రం వద్ద, పొదుపు లెక్కలు బ్యాంకు వద్ద ఉన్నాయి. పెట్టె ఒకటి నాలుగయింది. వాటి తాళంచెవులు ఎవరి చేతిలో ఉన్నాయో మాత్రం మనకు తెలియదు.

ఈ ప్రశ్నకు ఇప్పుడు ప్రాధాన్యం పెరిగింది. 2023 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టానికి కేంద్ర ప్రభుత్వం 2025 నవంబరులో నియమాలను ప్రకటించింది. ప్రధానమైన బాధ్యతల అమలుకు అప్పుడు 18 నెలల గడువు ఇచ్చారు. వ్యక్తిగత వివరాలను ఎన్‌క్రిప్షన్ వంటి పద్ధతులతో భద్రపరచాలని ఆ నియమాలు చెబుతున్నాయి. తగిన భద్రత కల్పించని సంస్థకు రూ.250 కోట్ల వరకు జరిమానా విధించే అవకాశం చట్టంలో ఉన్నది. ఇది స్వాగతించదగినదే. అయితే తాళం వేయడం ఒక ఎత్తు, తాళంచెవిని కాపాడటం మరొక ఎత్తు.

ఎన్‌క్రిప్షన్ అంటే అక్షరాలను, అంకెలను ఒక గణిత సూత్రం ప్రకారం ఎవరికీ అర్థం కాని రూపంలోకి మార్చడం. వాటిని తిరిగి యథారూపానికి తెచ్చే రహస్య సంఖ్యే తాళంచెవి. అమెరికా ప్రమాణాల సంస్థ 2001లో ఆమోదించిన ఏఈఎస్ పద్ధతి నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. అందులో 256 బిట్ల తాళంచెవిని ఊహించి కనిపెట్టాలంటే, 78 అంకెలు గల సంఖ్యకు సమానమైనన్ని అవకాశాలను పరీక్షించాలి. ట్రంకుపెట్టె తాళంచెవి పోతే కమ్మరిని పిలిచి పగలగొట్టించవచ్చు. ఈ పెట్టెను పగలగొట్టగల కమ్మరి లేడు. కనుకనే దొంగ తాళం జోలికి పోడు, తాళంచెవి కోసం వెతుకుతాడు.

ప్రమాదం రెండు విధాలు. తాళంచెవి పరుల పాలైతే రహస్యం బయటపడుతుంది. తాళంచెవి నశిస్తే సమాచారం కళ్లెదుటే ఉన్నా లేనట్లే. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రిలో జరిగినది తలచుకుంటే ఈ రెండవ ప్రమాదం అర్థమవుతుంది. దుండగులు అయిదు సర్వర్లలోకి చొరబడి, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి తమ తాళం వేశారు. ఓపీ చీటీల నుండి పరీక్షల ఫలితాల దాకా సిబ్బంది చేతితో రాసుకోవలసి వచ్చింది. ఆసుపత్రిని ఆదుకున్నది వేరుగా ఉంచిన ప్రతి. దాడికి గురికాని మరొక సర్వరులోని ప్రతి నుండి రోగుల వివరాలను తిరిగి తెచ్చుకోగలిగారు.

మొదటి ప్రమాదానికి 2023 నాటి మైక్రోసాఫ్ట్ ఉదంతం నిదర్శనం. అక్కడ పోయినది డేటాను మూసే తాళంచెవి కాదు, లోనికి వచ్చేవారికి అనుమతి ముద్ర వేసే తాళంచెవి. 2016లో తయారైన దానిని 2021లో పక్కన పెట్టవలసి ఉండగా అలాగే వదిలేశారు. అది చైనాకు చెందిన ముఠా చేతికి చిక్కి, 22 సంస్థలకు చెందిన 500 మందికి పైగా వ్యక్తుల మెయిళ్లు బయటపడ్డాయి. దీనిని నివారించగలిగి ఉండేవారని అమెరికా ప్రభుత్వ సమీక్షా మండలి 2024లో తేల్చి చెప్పింది. కాలం తీరిన తాళంచెవిని రద్దు చేయకపోవడం ఎంత చేటో ఇంతకంటె నిరూపణ అక్కరలేదు.

మరి సరియైన పద్ధతి ఏది? బ్యాంకు లాకరు మనకు తెలిసినదే. బ్యాంకు వారి తాళంచెవి, ఖాతాదారుని తాళంచెవి రెండూ కలిస్తేనే అది తెరుచుకుంటుంది. పెద్ద డేటా నిల్వలలోనూ అదే నీతి. సమాచారాన్ని మూసే తాళంచెవిని మరొక పెద్ద తాళంచెవితో మూస్తారు. ఆ పెద్దదానిని సమాచారం ఉన్న యంత్రంలో కాక, హార్డ్‌వేర్ సెక్యూరిటీ మాడ్యూల్ అనే ప్రత్యేక పరికరంలో ఉంచుతారు. పెద్ద తాళంచెవిని నియమిత కాలానికి మార్చినప్పుడు చిన్న తాళంచెవులను తిరిగి మూస్తే చాలు, మొత్తం సమాచారాన్ని కదిలించనక్కరలేదు. ఒకే అధికారి చేతిలో సర్వాధికారం లేకుండా రహస్యాన్ని పలువురికి పంచే గణిత పద్ధతిని ఆది షమీర్ 1979లోనే ప్రకటించారు. అయిదుగురికి పంచి, ఏ ముగ్గురు కలిసినా తెరుచుకునేటట్లు ఏర్పాటు చేయవచ్చు. ఒకరు బదిలీ అయినా, మరణించినా పని ఆగదు. ఒక్కరు చెడినా పెట్టె తెరుచుకోదు.

మన దేశంలో ఈ జాగ్రత్త ఎరుగనిది కాదు. ఆధార్ సంఖ్యలను నిల్వ చేసే సంస్థలు వాటిని ఎన్‌క్రిప్ట్ చేసి ప్రత్యేక డేటా వాల్ట్‌లో ఉంచాలని, తాళంచెవులను పైన చెప్పిన పరికరంలోనే దాచాలని 2017 జూలైలో ఆధార్ ప్రాధికార సంస్థ ఆదేశించింది. అంత స్పష్టత భూమి రికార్డులకు, పాఠశాలల వివరాలకు, ఆసుపత్రుల చీటీలకు కూడా కావాలి. లేనియెడల తాళం వేసి, తాళంచెవిని గడప మీదనే పెట్టి పోయినట్లవుతుంది.

ఇక ప్రభుత్వమే తాళంచెవి అడిగితే? ఆపిల్ సంస్థ తన వినియోగదారులకు తాళంచెవి పూర్తిగా వారి వద్దనే ఉండే సదుపాయం కల్పించింది. దానిలోని సమాచారాన్ని ఆ సంస్థ కూడా చదవలేదు. బ్రిటన్ ప్రభుత్వం దారి ఇవ్వమని ఒత్తిడి చేసినట్లు వార్తలు రాగా, 2025 ఫిబ్రవరిలో ఆపిల్ బ్రిటన్‌లో ఆ సదుపాయాన్నే ఉపసంహరించుకున్నది. మన ఐటీ చట్టంలోని 69వ సెక్షను, 2009 నాటి నియమాలు కూడా నిర్ణీత కారణాలపై సమాచారాన్ని విప్పి ఇమ్మని ఆదేశించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇస్తున్నాయి. నేరస్థులను పట్టుకోవలసిన అవసరాన్ని ఎవరూ కాదనరు. కాని పోలీసు కోసం తీసిన దొడ్డిదారి దొంగను అడ్డగించదు.

సరిహద్దు తెలుగువారికి ఈ చట్టంలో ఒక అక్కరకు వచ్చే అంశం ఉన్నది. మన వివరాలకు సమ్మతి అడిగే సంస్థ ఆ నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే వీలు కల్పించాలని అయిదవ సెక్షను చెబుతున్నది. అనగా బళ్లారిలో ఉన్నా, హోసూరులో ఉన్నా, రాయగడలో ఉన్నా తెలుగులో చదివి సంతకం చేసే హక్కు మనకు లభిస్తుంది. వివరాలు బయటికి పొక్కితే బాధితులకు జాప్యం లేకుండా తెలియజేయాలని నియమాలు నిర్దేశిస్తున్నాయి. ఈ హక్కులను అడిగి తీసుకోవలసినది మనమే.

మన చేతిలో ఉన్న తాళంచెవుల సంగతి కూడా చూసుకోవాలి. వాట్సాప్ సంభాషణల ప్రతికి 2021 నుండి ఎన్‌క్రిప్షన్ ఎంచుకునే వీలున్నది. పాస్‌వర్డునో, 64 అంకెల తాళంచెవినో ఎంచుకొని మరచిపోతే, ఫోను పోయిన నాడు ఆ ప్రతిని ఆ సంస్థ కూడా తెరవలేదు. దూరదేశంలో ఉన్న కొడుకు పంపిన ఫోటోలు, గతించిన తల్లి మాటలు అందులోనే ఉండిపోతాయి. అటువంటి రహస్యాన్ని కాగితం మీద రాసి, ఫోనుకు దూరంగా, నమ్మకమైన ఒకరిద్దరికి తెలిసిన చోట దాచుకోవడం మంచిది. సేవాకేంద్రంలో కూర్చున్న పిల్లవానికి ఫోను పిన్ చెప్పడం దొంగచేతికి తాళాలిచ్చినట్లే కావచ్చు.

మన తల్లులు బీరువా కంటె కొంగుముడిని ఎక్కువ జాగ్రత్తగా చూసుకునేవారు. ప్రభుత్వాలు, బ్యాంకులు ఆ మాత్రం జాగ్రత్త పాటిస్తున్నాయా అని అడగడం అపనమ్మకం కాదు, పౌరధర్మం.