ఖాళీ మిగిలితే పని ఆగాలి

'ఖాళీలను పూరింపుము' అనే ప్రశ్న మీకు కొత్తది కాదు. పరీక్షలో ఒక ఖాళీ వదిలితే ఒక మార్కు పోతుంది. కంప్యూటరు ప్రోగ్రాములు తయారయ్యే చోట కూడా ఇటువంటి ఖాళీలు ఉంటాయి. అక్కడ వదిలితే నష్టం మార్కుతో ఆగదు.

ఒక ప్రోగ్రాములో వందలాది ఫైళ్లు ఉండవచ్చు. వాటిని కూర్చి వాడుకకు సిద్ధం చేసే సాధనాన్ని 'బిల్డ్ టూల్' అంటారు. 1976లో బెల్ లేబరేటరీస్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రూపొందించిన 'మేక్' వీటిలో పాతది. మావెన్, గ్రేడిల్ తరువాత వచ్చాయి. వెర్షను సంఖ్య, డేటాబేసు చిరునామా వంటివి తరచుగా మారతాయి. ప్రతి ఫైలులోనూ వాటిని చేతితో దిద్దడం కష్టం. అందువల్ల ఆ చోట డాలరు గుర్తు వేసి, ఫ్లవర్ బ్రాకెట్లలో ఒక పేరు రాసి ఉంచుతారు. బిల్డ్ సమయంలో టూల్ ఆ పేరు తీసి, దాని విలువను పెడుతుంది.

మరి ఆ పేరుకు విలువ ఎక్కడా దొరకకపోతే? ఇక్కడ టూళ్ల దారులు వేరు. మేక్ ఆ చోటును ఖాళీగా వదిలి, ఏమీ చెప్పకుండా ముందుకు పోతుంది. మావెన్ ఆ పేరును డాలరు గుర్తుతో సహా అలాగే ఉంచుతుంది. గ్రేడిల్‌లోని 'ఎక్స్‌పాండ్' మాత్రం తప్పు చూపి బిల్డును ఆపివేస్తుంది.

ఆపడమే మంచిదని నా అభిప్రాయం. కారణం చూడండి. పాత ఫైళ్లను తుడిచివేసే ఆదేశంలో ఫోల్డరు పేరు స్థానంలో ఖాళీ వచ్చిందనుకోండి. పేరు తరువాత ఉన్న ఏటవాలు గీత ఒక్కటే మిగులుతుంది. యూనిక్స్ వంటి వ్యవస్థలలో ఆ గీతకు అన్ని ఫైళ్లకూ మూలస్థానం అని అర్థం. అక్షరదోషం ఒక్కటి చాలు, ఆదేశం మూలం మీదికే పోతుంది.

ఆపడం వల్ల ఇబ్బంది లేకపోలేదు. ఎక్స్‌పాండ్ ఫైలులోని ప్రతి డాలరు గుర్తునూ తనదే అనుకుంటుంది. ధర తెలిపే డాలరు ఉన్నా పొరబడవచ్చు. అటువంటి గుర్తు ముందు వెనుకకు వాలిన గీత పెట్టాలి. ఇది విసుగే. కాని ప్రవేశ దరఖాస్తులో ఖాళీ ఉంటే గుమస్తా కిటికీ దగ్గరే తిప్పి ఇవ్వడం మేలా, గడువు దాటాక తిరస్కరించడం మేలా? మొదటి విసుగు పది నిమిషాలది. రెండవ దానికి ఏడాది పోవచ్చు.

కాబట్టి మీ టూల్ తనంతట ఆగకపోతే, మీరే ఆపండి. మేక్‌లో నిర్వచించని పేర్లకు హెచ్చరిక ఇచ్చే ఐచ్ఛికం ఉంది, దానిని వాడండి. మావెన్‌లో బిల్డు ముగిశాక తయారైన ఫైలును తెరిచి, డాలరు గుర్తు మిగిలిందేమో వెతకండి.

చేసి చూడండి: ఒక పేరులో కావాలని ఒక అక్షరం తప్పు రాసి బిల్డు చేయండి. మీ టూల్ చెప్పిందా, దాచిందా?