అస్థికలకు భయపడవలెనా?



2021లో కరోనా రెండవసారి విజృంభించిన రోజులలో ఒక యువకుడు ఫోనులో అడిగాడు: “పంతులుగారూ, నాన్నగారి అస్థికలు తెస్తే ఇంట్లో వాళ్ళకు రోగం అంటుతుందేమో! అక్కడే వదిలేయవచ్చునా?” సాంక్రమిక వ్యాధులతో గతించినవారి విషయంలో ఆ ప్రశ్న నేటికీ వింటున్నాను.

ఆ భయం నిరాధారం. విద్యుత్ దహనవాటికలో ఉష్ణోగ్రత సుమారు 800 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. ఆ అగ్నిలో ఏ రోగక్రిమీ మిగలదు. శేషించేది ప్రధానంగా కాల్షియం ఫాస్ఫేట్ అనే ఖనిజం. చితాభస్మం వలన అపాయం లేదనీ, ఉత్తరక్రియలకై సేకరించవచ్చుననీ కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2020 మార్చి 15 నాటి మార్గదర్శకాలలోనే స్పష్టం చేసింది.

మరి ఆశౌచం మాటేమిటి? దేశాంతరంలో ఉండి శవాన్ని తాకని జ్ఞాతికి సైతం ఆశౌచం వర్తిస్తుంది కదా! కనుక అది బంధుత్వాన్ని అనుసరించిన నియమం. భస్మంలోని విషం కాదు. ఆశౌచాన్ని అంటురోగంతో కలిపివేయడమే మన పొరపాటు.

జాగ్రత్త వహించవలసిన చోట్లు వేరు. గుండెకు పేస్‌మేకర్ అమర్చి ఉంటే దహనానికి పూర్వమే తీయించాలి. అగ్నిలో అది పేలగలదు. అర్ధదగ్ధ దేహాన్ని నదిలో విడవరాదు. అస్థికలతో పాటు ప్లాస్టిక్ సంచులను గోదావరి పాలు చేయరాదు.

మూడవనాడు ఆ యువకుడు వచ్చాడు. పాలు చిలకరించి, వణికే చేతులతో తండ్రి అస్థికలను ఏరి కలశంలో ఉంచాడు. అటువంటి పితృఋణాన్ని అపోహకు బలి ఇవ్వకండి.

శుభం భూయాత్.