పప్పు గిన్నెలోకి తొంగిచూద్దాం, రండి!

నంద్యాల, ఆళ్లగడ్డ బడిపిల్లల అమ్మలారా, నాయనలారా, అవ్వలారా, తాతలారా!

మొన్న ఒక బడి దగ్గర మధ్యాహ్నం గంట కొట్టేదాకా నిలబడి చూశాం. నాలుగో తరగతి పాప పళ్లెంలో అన్నం, పప్పు, గుడ్డు. పప్పులో బద్దలు ఏరుకోవాలి, అన్నీ నీళ్లే. రెండు ముద్దలు తిని మిగిలిందంతా కుళాయి దగ్గర పారబోసింది. గేటు ఎదురుగా ఉన్న అంగడికి ఉరికి అయిదు రూపాయల కారం పొట్లం కొనుక్కుంది. వేళ్లకంటిన ఎర్రరంగు నాక్కుంటూ క్లాసుకు పోయింది. గుడ్డు కుక్క పాలయింది.

ఇదే రేనాడులో 1866 కరువు నాడు ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు ఊడ్చి ఆకలిగొన్న వేలమందికి అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. జనం ఆయన మీద పాటలు కట్టుకున్నారు. ఆనాడు గింజ కరువు. ఈనాడు గింజ ఉంది, చూసే కన్ను కరువైంది.

బడిలో పెట్టే అన్నం ఎవరి దయా కాదు. వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. మన రాష్ట్రంలో ఇప్పుడది డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తోంది. లెక్క కూడా రాసిపెట్టి ఉంది. అయిదో తరగతి దాకా బిడ్డకు రోజుకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50. ఆరు నుంచి ఎనిమిది దాకా 150, 30, 75. అంటే వందమంది చిన్నపిల్లలు తినే రోజు రెండు కిలోల పప్పు, అయిదు కిలోల కూరగాయలు పొయ్యి ఎక్కాలి. ఎక్కుతున్నాయా?

అందుకే మనం చేయాల్సినవి ఇవీ:

1. రోజుకొక తల్లి బడికి పోదాం. తూకం చూద్దాం. వడ్డించే ముందు టీచరు, పెద్దలు రుచి చూడాలన్నది నిబంధన. రుచి చూశాక పిల్లల పంక్తిలోనే కూర్చుని తిందాం.

2. నూనె, ఉప్పు, చక్కెర మోతాదు మించిన తిండి బడికి 50 మీటర్ల లోపల అమ్మకూడదని 2020 నాటి ఆహార భద్రత నిబంధనలు చెబుతున్నాయి. అంగడాయనతో కొట్లాట వద్దు. ఉడికించిన బుడ్డలు, శనగలు, మహానంది అరటిపండ్లు పెట్టమందాం. కొనేది మనమే.

3. సూర్యనంది, రేనాడు అనే కొర్ర రకాలు మన నంద్యాల పరిశోధనా కేంద్రంలో పుట్టినవే. వారానికొక పూట కొర్రన్నం, పుంటికూర పప్పు కావాలని అధికారులను అడుగుదాం. పక్కన నిమ్మచెక్క పెడితే ఆకుకూరలో ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

4. వంటమ్మల బిల్లులు, వేతనాలు నెలనెలా ఇవ్వాలని గట్టిగా అడుగుదాం. అప్పు తెచ్చి కూరగాయలు కొనే ఇల్లాలిని చిక్కటి పప్పు చేయమంటే ఎట్లా చేస్తుంది?

వచ్చే సోమవారం కొంచెం పెందలాడే పని ముగించుకోండి. పప్పు పొయ్యి మీదికి ఎక్కకముందే మీ బిడ్డ బడికి చేరుకోండి. ఇంట్లో చిన్న తక్కెడ ఉంటే వెంట తెచ్చుకోండి. ఆ రోజు గరిటె నిలిచే పప్పు ఉడికితే, మంగళవారం ఇంకో తల్లి వస్తుంది.

పప్పు చిక్కనైతే పిల్లలు చక్కన!
పొట్లం మాని పళ్లెం పట్టు!

ఇట్లు,
బడిపిల్లల తల్లిదండ్రులు,
నంద్యాల – ఆళ్లగడ్డ

(చదివి పారేయకండి, పక్కింటివాళ్లకు ఇవ్వండి.)