కన్నీళ్లు ఉన్న ఇంట్లో ఆనందం ఉంటుందా?



ధ్యాన భాగాలు: ఫిలిప్పీ 4:4; హబక్కూకు 3:17-18; కీర్తన 126:5-6

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కోసిన వరి పనల మీదే తడిసి మొలకలెత్తింది. కోయని చేలు నేలకొరిగాయి. ఆ తర్వాతి ఆదివారం మన మందిరంలో మేము ఆనందం గురించి ప్రసంగించాం. తుపాను రాకముందే సిద్ధం చేసుకున్న ప్రసంగం అది. దాన్ని మార్చాలని మాకు తోచలేదు. చివరలో అలవాటు ప్రకారం సాక్ష్యాలు అడిగాం. ఎవరూ లేవలేదు. ముందు వరుసలో ఒక తల్లి కనబడింది. భర్త లేని ఆమె, రెండెకరాలు కౌలుకు చేస్తోంది. "అమ్మా, నువ్వు లేచి ప్రభువు చేసిన మేలు చెప్పి ఒక పాట పాడమ్మా" అన్నాం.

ఆమె లేచి, "అయ్యగారండీ, ముందు నన్ను కాసేపు ఏడవనివ్వండి. పాట తర్వాత పాడతాను" అని కూర్చుండిపోయింది.

ఆ రోజు మేము చేసింది తప్పు. ఈ మాట ఆలస్యంగానైనా మీ అందరి ముందు ఒప్పుకోవాలి. ఆనందించమని వాక్యం ఆజ్ఞాపిస్తుంది, నిజమే. కానీ ఆ ఆజ్ఞను పట్టుకుని, ఏడుస్తున్నవారి నోట బలవంతంగా పాట పలికించే అధికారం ఏ సేవకునికీ లేదు.

ఫిలిప్పీ పత్రికను ఆనందపు పత్రిక అంటాం. పౌలు దాన్ని బంధకాల్లో ఉండి రాశాడు. ఇది అందరం చెప్పేదే. కానీ అదే పత్రికలో 2:27 కూడా చదవండి. ఎపఫ్రొదితు జబ్బుపడి చావుదాకా వెళ్లాడు. అతడు చనిపోయి ఉంటే తనకు దుఃఖం మీద దుఃఖం కలిగేదని పౌలు దాచుకోకుండా చెప్పాడు. 3:18లో ఏడుస్తూనే రాస్తున్నానన్నాడు. అంటే ఆనందించమని చెప్పిన మనిషి కళ్లు తడిగానే ఉన్నాయి. ఇక మన ప్రభువు సంగతి చూడండి. కాసేపట్లో లాజరును లేపుతానని ఆయనకు తెలుసు. అయినా కన్నీళ్లు పెట్టుకున్నాడు (యోహాను 11:35). "ఎలాగూ లేస్తాడు కదా, ఏడవకండి" అని మరియను మందలించలేదు.

ఈ రోజుల్లో మరో బోధ మన ఊళ్లలోకి వచ్చింది. విశ్వాసం ఉంటే నష్టం రాదు, వస్తే విశ్వాసంలో లోపం ఉన్నట్టే అనే బోధ. ఆ మాట చెప్పేవారు ఒకసారి బాపట్లలో నిలబడి ఆలోచించాలి. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో దివిసీమతో పాటు మన తీరం కూడా తల్లడిల్లింది. అధికారిక లెక్కల్లోనే దాదాపు 10,000 మంది పోయారు. నీళ్లు చుట్టుముట్టిన ఊళ్లు వదిలి బాపట్లకు వచ్చి ఒక చర్చిలో తలదాచుకున్నవాళ్ల మీద ఆ చర్చే కూలిందనీ, దాదాపు వంద మంది అందులో చిక్కుకున్నారనీ ఆనాటి వార్తలు చెప్పాయి. దేవుని మందిరంలోకే పరుగెత్తిన వాళ్లు వాళ్లు. వాళ్ల విశ్వాసంలో లోపం ఉందని ఎవరైనా అనగలరా? మేము అనలేము.

కాబట్టి మన ఆనందం పంట మీద గానీ, గోడల మీద గానీ, మన క్షేమం మీద గానీ నిలబడలేదు. హబక్కూకు అంజూరం, ద్రాక్ష, ఒలీవ, పైరు, గొర్రెలు, పశువులు అని ఒక్కొక్కటీ లెక్కపెట్టి, ఏదీ లేకపోయినా తన రక్షకుడైన దేవునియందు ఆనందిస్తానన్నాడు. మన డెల్టాలో అయితే ఆ లెక్క ఇలా ఉంటుంది: పనలు మొలకెత్తాయి, మినుము కుళ్లింది, రొయ్యల చెరువు గట్టు తెగింది, పాకలో గేదె లేదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వదిలినప్పుడు, రేపల్లె వైపు లంకల వాళ్లు ఇలాంటి లెక్కే వేసుకున్నారు. ప్రవక్త నష్టాన్ని దాచలేదు. పూర్తిగా లెక్కపెట్టాకే "అయినా" అన్నాడు. లెక్కపెట్టనివ్వకుండా ఆ "అయినా" అనిపించాలని చూశాం మేము.

అలా ఏడుస్తూ కూర్చుంటే విశ్వాసం సన్నగిల్లదా అని కొందరు పెద్దలు అడిగారు. వాళ్ల భయంలో అర్థముంది. నిరాశలో కూరుకుపోయినవారిని మనమూ చూశాం. కానీ దేవుని ఎదుట ఏడవడం వేరు, దేవుణ్ణి వదిలేసి ఏడవడం వేరు. మన చేలే చూడండి. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, చేను నిలబడి ఉండగానే మినుములు చల్లుతాం. దున్నం, నీళ్లు పెట్టం. నేలలో మిగిలిన తడితో, రాత్రి కురిసే మంచుతో అది పండుతుంది. నేల పూర్తిగా ఆరిపోయాక చల్లితే మొలవదు. 126వ కీర్తన కూడా కన్నీళ్లు ఆరాక విత్తమని చెప్పలేదు, కన్నీళ్లతోనే విత్తేవారి గురించి చెప్పింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురు సహోదరీలు ఆ తల్లి పక్కన కూర్చుని ఆమెతో పాటు ఏడ్చారు. మర్నాడు మన యౌవనస్థులు వెళ్లి తడిసిన పనలు గట్టు మీదికి మోశారు. రోమా 12:15 మీద మేము చేయని ప్రసంగం వాళ్లు చేశారు. క్రిస్మస్‌కు కూడా ఆమె పాడలేదు. ఈస్టరు ఉదయం ఎవరూ అడగకుండానే లేచి పాడింది. అప్పటికి ఆమె అప్పు తీరలేదు.

అందుకే ఇకనుంచి మన కూడికల్లో సాక్ష్యాలకు ముందు, బరువుతో వచ్చినవారి కోసం కొంత సమయం మౌనంగా ప్రార్థిద్దాం. ఎవరినీ పేరు పెట్టి పాడమని లేపవద్దు. మీ పక్కన కూర్చున్నవారు పాడలేకపోతే వారి కోసం మీరు పాడండి. మీరు పాడలేని రోజున వారు పాడతారు.

ప్రార్థన: కన్నీళ్లు విడిచిన మా ప్రభువా, ఏడ్చేవారిని తొందరపెట్టిన మమ్మల్ని క్షమించు. లోకం ఇవ్వలేని, తీసివేయలేని నీ ఆనందాన్ని మా ఇళ్లలో నిలుపు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ. ఆమేన్.