ఎవరూ లేని తీరం కోసం వెతకకండి

నిమ్మాడ, కోటబొమ్మాళి, టెక్కలి ప్రాంతాల కుటుంబాలు సముద్రానికి పోవాలనుకున్నప్పుడు ఈ మధ్య తరచుగా వినిపిస్తున్న మాట ఒకటుంది: "జనం లేని చోటికి వెళ్దాం." భావనపాడు, బారువ, కళింగపట్నాలలో మనుషులుంటారు కనుక అవి వద్దట. సరుగుడు తోటల వెనుక, బాట కూడా సరిగా లేని ఇసుక తీరం కావాలట. ఫోనులో ఎవరో పెట్టిన వీడియో చూసి పిల్లలను, వృద్ధులను, పులిహోర గిన్నెలను కారెక్కించి బయలుదేరుతున్నారు. ఈ ఆలోచనే తప్పు. ఎవరూ లేని తీరమంటే, మీ బిడ్డ మునుగుతున్నప్పుడు ఈదగలవాడు, పడవ ఉన్నవాడు, తాడు విసిరేవాడు లేని తీరమని అర్థం.

ఇటువంటి మరణాలను పత్రికలు "సుడిగుండంలో చిక్కుకుని" అని రాస్తుంటాయి. ఇసుక తీరాలలో ప్రాణం తీసేది చాలాసార్లు సుడిగుండం కాదు. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు ఒకచోట సన్నని పాయగా కూడి, వేగంగా తిరిగి లోపలికి పోతుంది. ఆ పాయ ఉన్నచోట లోతు ఎక్కువ; అందువల్ల అక్కడ అలలు తక్కువగా విరుగుతాయి. అటూ ఇటూ నురుగు, నడుమ నున్నని నీరు. తెలియని తల్లిదండ్రులు "ఇక్కడ అలలు లేవు, పిల్లలకు మంచిది" అని సరిగ్గా అక్కడే దింపుతారు! ఆ పాయ మనిషిని అడుగుకు లాగదు, లోపలికి మోసుకుపోతుంది. దానికి ఎదురీదేవాడు ఎంతటి ఈతగాడైనా అలసిపోయి మునుగుతాడు. చిక్కుకున్నవారు వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేకవేయాలి. ఈత వస్తే తీరం వెంబడి పక్కకు ఈది, పాయ దాటిన తరువాతే ఒడ్డుకు తిరగాలి. బారువ దగ్గర మహేంద్రతనయ, కళింగపట్నం దగ్గర వంశధార కడలిలో కలిసే చోట్ల ఇసుక మేటలు కదులుతూనే ఉంటాయి. నిన్నటి మోకాటి లోతు నేడు నిలువు లోతు కావచ్చు.

2022 జులైలో పూడిమడక తీరంలో అనకాపల్లి ఇంజనీరింగు విద్యార్థులు పలువురు కొట్టుకుపోయి మరణించారు. వారు పసివాళ్ళు కారు, వయసులో ఉన్న యువకులు.

మరొక మాట కటువుగానే చెప్పాలి. మగవారు తోటలో సీసాలు విప్పుకుని కూర్చుంటే, వంటా వడ్డనా చూసుకుంటూ ఆడవారే పిల్లలనూ చూసుకోవలసి వస్తున్నది. మునిగే పిల్లవాడు కేకవేయడు. నోటినిండా నీరున్నవాడు ఎలా అరుస్తాడు? ఒక పెద్దమనిషి, మద్యం ముట్టకుండా, ఫోను జేబులో పెట్టి, పిల్లలను కనిపెట్టుకోవడమే పనిగా నీటి అంచున నిలబడాలి. ఆ పనికి మనిషి లేకపోతే ప్రయాణం మానుకోండి.

ప్రభుత్వాన్ని కూడా వదలనవసరం లేదు. ఎవరో చనిపోయాక ఒక హెచ్చరిక బోర్డు పాతి చేతులు దులుపుకోవడం మనకు అలవాటయింది. గోవా తీరాలలో 2008 నుంచి శిక్షణ పొందిన రక్షకులు కాపలా కాస్తున్నారు. మన రుషికొండకు 2020లో వచ్చిన బ్లూఫ్లాగ్ గుర్తింపునకు కూడా రక్షకుల ఏర్పాటు ఒక షరతు. విశాఖలో సాధ్యమైనది శ్రీకాకుళంలో ఎందుకు కాదు? చేపల వేటకు గుజరాత్ దాకా వలసపోతున్న మన మత్స్యకార యువకులకే శిక్షణ, జీతం ఇచ్చి ఈ తీరాలలో నిలబెట్టవచ్చు. సముద్రం వారికంటే ఎవరికి తెలుసు?

కనుక మత్స్యకారుల ఊరికి ఆనుకుని, పడవలు లాగి ఉన్న తీరానికే వెళ్ళండి. నీటిలో అడుగుపెట్టే ముందు అక్కడ వల బాగుచేసుకుంటున్న పెద్దాయనను అడగండి. ఆయన వద్దంటే దిగకండి. వెళ్ళినా మోకాళ్ళు దాటకండి. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలమని, 2018లో తిత్లీ వచ్చింది అక్టోబరులోనేనని కార్తిక వనభోజనాలవారు మరువరాదు.

ప్రమాదమే జరిగితే వెంట దూకకండి. కాపాడబోయినవారే మునిగిన సందర్భాలు ఎన్నో. మూత బిగించిన ఖాళీ డబ్బాకు చీర కట్టి విసరండి. ఒడ్డుకు తెచ్చినవారి పొట్ట నొక్కడం, తలకిందులుగా వేలాడదీయడం, భుజాన వేసుకుని తిప్పడం పాత పద్ధతులు, హానికరం: కడుపులోని పదార్థం ఊపిరితిత్తులలోకి పోతుంది. ఒకరు 108కు ఫోను చేస్తుండగా, ఊపిరి ఆడకపోతే మరొకరు వెంటనే ముక్కు మూసి నోటితో నోట్లోకి ఊపిరి ఊదాలి. ఆపైన రొమ్ము మధ్య గట్టిగా, వేగంగా 30 సార్లు నొక్కి 2 సార్లు ఊదుతూ కొనసాగించాలి. నాలుగైదు నిమిషాలు ప్రాణవాయువు అందకపోతే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. టెక్కలి ఆసుపత్రికి చేరేదాకా ఆగే వ్యవధి అందులో లేదు.

ఉద్దానం వారికి ప్రత్యేకంగా ఒకటి. మూత్రపిండాల జబ్బు ముదిరినవారికి, డయాలసిస్ మీద ఉన్నవారికి తీరాన "చలవ చేస్తుంది" అని కొబ్బరిబొండాలు తాగించకండి. బొండం నీటిలో పొటాషియం ఎక్కువ; దెబ్బతిన్న మూత్రపిండాలు దానిని బయటకు పంపలేవు, గుండె లయ తప్పవచ్చు. ఎండకు తలనొప్పి, ఒళ్ళునొప్పులు అంటే చేతికందిన నొప్పి మాత్ర వేయకండి. డైక్లోఫినాక్ వంటివి మిగిలిన కాస్త మూత్రపిండాన్నీ దెబ్బతీస్తాయి. అటువంటి పెద్దలకు ఏ పానీయం ఎంత ఇవ్వాలో బయలుదేరే ముందే వారి వైద్యుణ్ణి అడిగి, ఆ కొలత ప్రకారం సీసాలో పోసి పట్టుకువెళ్ళండి.